ఓడలో వద్దన్న పిల్లవాడు, హాలియా కాలువలో

ఈ వారం మీ ఉత్తరాల కట్ట విప్పలేదు. జవాబు కోసం ఎదురుచూస్తున్నవారు ఇంకొక్క వారం ఓర్చుకోవాలి. డిసెంబరు చివర్లో నాలుగు రోజులు హాలియాలో ఉండి వచ్చాను. అక్కడ ఒక ఇంటి వసారాలో మొదలైన తగువు నా వెంటే ఇంటిదాకా వచ్చింది. చంటిపిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివచ్చే తగువు కనుక దాన్నే మీ ముందు పెడుతున్నాను.

హాలియా ఎక్కడుందంటారా? నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు వెళ్ళే దారిలో తగులుతుంది. సాగర్ వైపు నుంచి వచ్చేవారికి పెద్దవూర దాటాక వస్తుంది. మిర్యాలగూడ దారీ ఇక్కడే కలుస్తుంది. అందుకని బస్సులకు, వడ్ల లారీలకు, చాయ్ కొట్లకు కొదవలేదు. కానీ ఈ ప్రాంతపు ముఖం మార్చింది రోడ్డు కాదు, కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడివైపు కాలువకు జవహర్ పేరు, ఎడమవైపు కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఆ ఎడమ కాలువ నీళ్ళే ఇక్కడి మెట్ట పొలాలను వరిమళ్ళుగా మార్చాయి.

నల్లగొండ జిల్లా బోరునీళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళను, ఎముకలు వంగిపోయి నిటారుగా నిలబడలేనివాళ్ళను నా చదువు రోజుల్లోనే చూశాను. అలాంటి నేల మీద కృష్ణానీళ్ళు పారితే జనానికి ఎంత భక్తి ఉంటుందో చెప్పక్కరలేదు. కాలువ గురించి ఒక్క మాట తక్కువగా అన్నా ఊరుకోరు. నేను అన్నాను. అందుకే తగువు.

నా చిన్ననాటి స్నేహితుడు ఒకాయన అక్కడ ఉంటున్నాడు. వాళ్ళమ్మాయి అమెరికాలో, డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవులకు పిల్లవాణ్ణి తీసుకుని వచ్చింది. వాడికి ఏడాదిన్నర. బుగ్గలు రెండూ బూరెల్లా ఉన్నాయి. కాళ్ళు నేల మీద ఆనవు. నా బూట్లలో ఒకటి ఎత్తుకుపోయి తులసికోట దగ్గర పెట్టి వచ్చాడు. అటువంటివాణ్ణి చూస్తే వైద్యుడికైనా ప్రాణం లేచివస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అమ్మాయి తన కష్టం చెప్పుకొచ్చింది. "మామయ్యా, మీరే న్యాయం చెప్పండి. మొన్న ఎండాకాలం అయిదు రోజులు క్రూయిజ్ షిప్‌లో పోయినం. వీడు నీళ్ళంటే ప్రాణం పెడతడని వీడి కోసమే పోయినం. నీళ్ళలో వేసుకునే డైపర్లు ప్రత్యేకంగా కొన్న. మొదటి రోజు కొలనులో దిగి రెండు నిమిషాలు కాలేదు. ఒకాయన వచ్చి, చిన్నబాబును బయటికి తీసుకోండి మేడమ్ అన్నడు. ఈత డైపర్ వేసిన కదా అంటే, అయినా వీల్లేదు, రూలు అన్నడు. అందరూ చూస్తున్నరు. నాకు ఏడుపొక్కటే తక్కువ!"

పక్కనే మంచం మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్న పెద్దావిడ, నా స్నేహితుడి తల్లి, కత్తెర ఆపింది.

"గింత పోరన్ని బయటికి పొమ్మన్నరా? పాలు తాగే పిలగాని దొడ్డికి ఏం దోషముంటది కొడుకా? పసిపోరలది పెద్దోళ్ళ లెక్క కాదు గదా! మా ఇంట్ల పోరలందరూ గా కాల్వ రేవులనే పెరిగిన్రు. రేపు పొద్దుగాల నేనే తీస్కపోయి వీన్ని కాల్వల ముంచుకొస్త, చూడు."

చదువరులారా, అవ్వ అన్న ఆ మాట హాలియాలోదే కాదు. విజయవాడలోనూ విన్నాను, హైదరాబాదులో మేడల మీదా విన్నాను. పసిపిల్లల మలం మలం కాదు, దానికి మైల లేదు అని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. చంటిబిడ్డ ఒడిలో పాడుచేస్తే గుడ్డతో తుడిచి, చేతులు నీళ్ళతో తడిపి, అదే చేత్తో గిన్నె అందుకునే తల్లులు చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నారు. ప్రేమకు అసహ్యం ఉండదు, నిజమే. కానీ క్రిమికి ప్రేమ తెలియదు.

వైద్యశాస్త్రం చెప్పేది నమ్మకానికి సరిగ్గా ఎదురు. విరేచనాల రోగాలు ఎక్కువగా పట్టుకునేది అయిదేళ్ళలోపు పిల్లలనే. రోగం పట్టుకున్నవాళ్ళ మలంలోనే రోగక్రిములు దండిగా ఉంటాయి. కాబట్టి ఇంట్లో అందరి మలంలోకీ భయపడవలసింది ఏదంటే, ముద్దుల పాపాయిదే. ఏడు దేశాల్లో, మన కలకత్తాతో సహా, 20 వేలకు పైగా పిల్లలను పరిశీలించి 2013లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. ఏడాదిలోపు పిల్లల తీవ్ర విరేచనాలకు మొదటి కారణం రోటావైరస్ అనీ, రెండోది క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి అనీ అందులో తేలింది.

ఈ రెండో పేరు నోరు తిరగదు కాని, ఓడమీది రూలుకు అసలు కారణం అదే. ఈ జీవి ఒక గట్టి పెంకులో దాక్కుని మలంతో బయటికి వస్తుంది. పరిమాణం మిల్లీమీటరులో రెండు వందలో వంతు. రోగం ఉన్నవాడు ఒక్కసారి విరేచనమైతే కోటి నుంచి పది కోట్ల దాకా పడతాయి. ఇంకొకరికి రోగం అంటడానికి వాటిలో పది గొంతులోకి పోతే చాలు. ఇంక లెక్క మీరే వేసుకోండి.

"మరి కొలనులో క్లోరిన్ వేస్తరు కదా మామయ్యా" అంది అమ్మాయి. మంచి ప్రశ్న. క్లోరిన్ మామూలు క్రిములకు యముడు. కొలనులో ఉండవలసిన పాళ్ళలో ఉంటే కొన్ని రకాల ప్రమాదకరమైన ఈ-కోలైలను ఒక్క నిమిషంలోపే చంపుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్‌కు పావుగంట పైచిలుకు పడుతుంది. జియార్డియాకు ముప్పావుగంట. ఈ పెంకు పురుగుకు మాత్రం పది రోజులు దాటుతుంది! పది రోజుల్లో ఓడ రెండు ప్రయాణాలు ముగించుకుని మూడో ప్రయాణానికి జనాన్ని ఎక్కించుకుంటుంది.

ఒకసారి నీళ్ళలో బేదులైతే కొలను మూసేయాలి. మామూలుకన్నా ఎన్నో రెట్లు క్లోరిన్ పోసి, పన్నెండు గంటల ముప్పావు అలాగే ఉంచాలి. అమెరికాలో రోగనివారణ కేంద్రం చెప్పే పద్ధతి ఇది. వేలమంది ఒకే గిన్నెలో తిని, ఒకే కొలనులో దిగి, పారిపోవడానికి నేల కూడా లేనిచోట ఒక పిల్లవాడి డైపర్ ఎంతమందిని మంచాన పడేస్తుందో ఓడవాళ్ళకు బాగా తెలుసు.

అక్కడి ప్రభుత్వం ఓడల పరిశుభ్రత చూడటానికని 1970 దశకంలోనే ఒక విభాగం పెట్టింది. తమ రేవులకు వచ్చే విదేశీ ప్రయాణాల ఓడలను చెప్పాపెట్టకుండా తనిఖీ చేసి, నూటికి మార్కులు వేస్తారు. 86 రాకపోతే తప్పినట్టు. డైపర్ వేసుకునే పిల్లలను, దొడ్డికి వస్తుందని చెప్పడం రాని పిల్లలను మామూలు కొలనులోకీ, సుడినీళ్ళ తొట్లలోకీ రానివ్వకూడదని వాళ్ళ నిబంధన. అటువంటి పిల్లల కోసమే వేరే వడపోతతో కట్టిన నీళ్ళ ఆటస్థలం ఉంటే అందులో ఆడించవచ్చు. కొన్ని ఓడల్లో ఉంది, కొన్నిటిలో లేదు. టిక్కెట్టు కొనేముందే అడగాలి.

ఈత డైపర్ సంగతీ చెప్పాలి. దాని మీద పెట్టిన డబ్బు పూర్తిగా దండగ అనను. గట్టిగా అయిన మలం బయటపడకుండా ఆపుతుంది. కానీ నీళ్ళలాంటి విరేచనాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యం చేస్తుందేగాని ఆపలేదు. మూత్రాన్నయితే అసలే ఆపదు; నీళ్ళలో ఉబ్బిపోకూడదని పీల్చే దూది లేకుండా చేస్తారు కనుక. మామూలు డైపర్ వేసి దింపితే అది నీళ్ళు తాగి బుంగలా అయి జారిపోతుంది. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. "ఆ డబ్బాల మీద ఈ ముక్క రాయరెందుకు?" అంది. నాకూ అదే అనుమానం.

"ఓడ సంగతి ఓడది. నిలవ నీళ్ళు గవి. మా కాల్వ పారే నీళ్ళు కొడుకా!" అంది అవ్వ.

మర్నాడు పొద్దున్నే అందరం కాలువకు వెళ్ళాం. యాసంగికి వదిలిన నీళ్ళు నిండుగా పోతున్నాయి. ఆ దృశ్యం చూస్తే నాకూ బట్టలు విప్పి దూకాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఊరుకున్నాను. చలికి నీళ్ళ మీద సన్నగా ఆవిరి. అవతలి గట్టున బర్రెలు. ఇవతల రేవులో ఒకామె బండ మీద బట్టలు ఉతుకుతోంది. ఆ మూటలో పసిపిల్ల పొత్తిగుడ్డలు ఉన్నాయి. వాటిని ముందుగా నీళ్ళలో జాడించి, తరవాత సబ్బు పెడుతోంది. నాలుగు గజాలు దిగువన ఇంకొకామె గిన్నెలు కడుగుతోంది. ఇంకా దిగువన ఇద్దరు కుర్రాళ్ళు నోట్లో నీళ్ళు పోసుకుని ఒకరి మీద ఒకరు పుక్కిలిస్తూ ఆడుతున్నారు. గట్టు మీద తుమ్మచెట్టు మొదట్లో, వాడిపారేసిన డైపర్లు రెండు. బజారులో సంచీ కొనుక్కోవడం మనకు వచ్చింది, పారెయ్యడం ఇంకా రాలేదు.

పారే నీళ్ళు కదా అన్న అవ్వ మాటలో సగం నిజం ఉంది. పెద్ద ప్రవాహంలో పడిన మురికి పలచబడుతుంది. కానీ రేవు దగ్గర, ఒడ్డున, నీళ్ళు నడిమి ధారలా పరుగెత్తవు. పొత్తిగుడ్డల నీళ్ళు గిన్నెల దాకా పోవడానికి ఎంతసేపు పట్టిందో నా కళ్ళతో చూశాను. పైగా కొలనులో క్లోరిన్ అన్నా ఉంటుంది. కాలువలో ఎవరు వేస్తారు? ఈ నీళ్ళు ఇక్కడితో ఆగవు కూడా. సూర్యాపేట వైపు సాగి, ఖమ్మం జిల్లా పాలేరు జలాశయంలో కలుస్తాయి. ఆ జలాశయం నుంచి ఊళ్ళకు ఊళ్ళు తాగునీళ్ళు తెచ్చుకుంటున్నాయి. శుద్ధి చేసే ఇస్తారు, భయం లేదు. అయినా శుద్ధి చేసేవాళ్ళకు పని పెంచడమెందుకు?

నాకు క్రిమి కన్నా ముందు భయం వేసింది ఇంకొకందుకు. సిమెంటు వేసిన కాలువ అంచు ఏటవాలుగా ఉంటుంది. నీళ్ళు తగిలే మేర పాచి పట్టి సబ్బులా జారుతుంది. పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. ఏడాదిన్నర పిల్లవాడు చేయి జారితే అరవడు, కేకవెయ్యడు. చప్పుడు లేకుండా పోతాడు. ఈతగాడైన పెద్దవాడు కూడా నిండు కాలువలోంచి ఆ వాలు ఎక్కిరాలేడు. అవ్వకు ఎనభై దాటాయి. ఎనభై ఏళ్ళ చేతిలో పదకొండు కిలోల పిల్లవాడు, అందులోనూ నా బూటు ఎత్తుకుపోయిన ఘనుడు. ఈ మాట మాత్రం మొహమాటం లేకుండా చెప్పాను.

అవ్వకు కోపం వచ్చింది. "మేమందరం గిట్లనే పెరగలేదా?" అంది.

"ఎంతమందిని కన్నవు అవ్వా?"

"ఎనమండుగురిని."

"ఇప్పుడెందరు?"

ఆమె కాలువకేసి చూసింది. "అయిదుగురు. ఒకడు పుట్టంగనే పోయిండు. ఇద్దరు బేదులై పోయిన్రు. ఒక్క వారంల" అంది.

నేను అడగకుండా ఉండవలసింది. ఇంటికి వచ్చేదాకా ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఆ మధ్యాహ్నమే, డాక్టరు వచ్చాడని తెలిసి, పక్క వాడకట్టు నుంచి ఒక చిన్నతల్లి పది నెలల పాపను ఎత్తుకొచ్చింది. నిన్నటి నుంచి నీళ్ళ విరేచనాలు, ఏడెనిమిది సార్లు అయ్యాయట. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు. చెంచాతో నీళ్ళు పెడితే ఆవురావురుమని తాగింది. "నీళ్ళిస్తే ఇంకా ఎక్కువైతయని మా అత్త ఇయ్యొద్దన్నది సారూ" అంది తల్లి. ఈ ఒక్క మాటకు మన దేశంలో ఎంతమంది పసివాళ్ళు బలి అయ్యారో!

ఈ బేదులు కాలువ నీళ్ళవల్లే వచ్చాయని నేను అనను. చేతుల వల్ల కావచ్చు, పాలసీసా వల్ల కావచ్చు. కారణం వెతికే వేళ కాదది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఓఆర్ఎస్ పొట్లం మొత్తం కలిపాం. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అనే లెక్కలు వేయకండి. ఉప్పు పాళ్ళు తప్పితే మేలుకు బదులు కీడు. పాప బరువు ఎనిమిది కిలోలు. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున, నాలుగు గంటల్లో 600 మిల్లీలీటర్లు చెంచాతో పట్టించాం. మధ్యలో ఒకసారి కక్కింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. తల్లిపాలు ఆపనివ్వలేదు. చీకటిపడేసరికి పాప మూత్రం పోసింది. అప్పుడు ఆ తల్లి నవ్వింది చూడండి, అది చూడటానికి కదా ఈ వృత్తి.

ఆ తరవాత ప్రభుత్వాసుపత్రిలో చూపించమని పంపాను. జింకు బిళ్ళలు కూడా రాశాను. ఆర్నెల్లు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు ఆగినా మానకూడదు. తరవాత రోజుల్లో ప్రతి విరేచనానికీ అరకప్పు దాకా ఓఆర్ఎస్ పట్టాలి. పిల్ల తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, ఆగకుండా కక్కుతున్నా ఇంటి వైద్యం మాని పరుగెత్తాలి.

ఒక జాగ్రత్త. అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని చాలా ఏళ్ళు అమ్ముడుపోయాయి. వాటిలో చక్కెర ఎక్కువ. విరేచనాల పిల్లకు పెడితే ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మీరు మాత్రం మందుల దుకాణంలో పొడి పొట్లమే అడగండి. ఈ పొడి విలువ లోకానికి చూపించింది కూడా మనవాడే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగాఁవ్‌లో, సెలైను సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి కలరా రోగులను బతికించారు.

మళ్ళీ మన బుల్లి ఈతగాడి దగ్గరికి వస్తాను. హైదరాబాదు చుట్టూ రిసార్టుల్లో, అపార్టుమెంట్లలో ఇప్పుడు కొలనులు చాలా వచ్చాయి. 2022లో విశాఖపట్నం నుంచి కూడా విహార నౌక బయలుదేరింది. గోడమీద రూలు రాసినా రాయకపోయినా మీరు పాటించండి. దొడ్డికి వస్తుందని చెప్పడం రాని పిల్లలను నలుగురు దిగే కొలనులో దింపకండి. వాళ్ళకు ప్రత్యేకంగా నీళ్ళ ఆటస్థలం ఉంటే అక్కడ ఆడించండి. అక్కడైనా గంటకోసారి డైపర్ చూడండి. మార్చడం కొలను అంచున కాదు, స్నానాలగదిలో. దింపేముందు సబ్బుతో వెనకభాగం కడగండి. తరవాత మీ చేతులు కూడా సబ్బుతోనే. విరేచనాలు పట్టుకున్న పిల్లవాణ్ణి, పెద్దవాళ్ళనైనా సరే, తగ్గేదాకా దిగనివ్వవద్దు; క్రిప్టోస్పోరిడియం అని తేలితే తగ్గాక కూడా రెండు వారాలు ఆగాలి. పొత్తిగుడ్డల మొదటి జాడింపు ఇంట్లో బకెట్టులో చేసి ఆ నీళ్ళు మరుగుదొడ్డిలో పోయండి. పసిపిల్లల మలం కూడా అక్కడికే పోవాలి, పెంట మీదికి కాదు. రోటావైరస్ చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేయించారా లేదా, టీకాల కార్డు తీసి చూడండి.

నేను బయలుదేరే రోజు పొద్దున బావి గట్టు పక్కన ఎండ పడేచోట అవ్వ ఒక పెద్ద ఇత్తడి గంగాళం తెచ్చి పెట్టించింది. దానికి చింతపండు రాసి తోమించింది. గోరువెచ్చని నీళ్ళు జానెడు లోతు పోయించింది. పిల్లవాణ్ణి దిసమొలతో అందులో కూర్చోబెట్టి తాను పక్కనే పీట వేసుకుని, వాడి రెక్క ఒకటి గట్టిగా పట్టుకుంది. వాడు రెండు చేతులతో నీళ్ళు కొడుతుంటే ఆవిడ చీర మొత్తం తడిసింది.

"గీ ఓడకు రూలేంది కొడుకా?" అని అడిగింది నన్ను.

"ఆట అయిపోంగనే నీళ్ళు పారబోసుడే అవ్వా" అన్నాను.

"చెట్టుకు పోస్త తీయ్" అంది. అంతలో గంగాళంలో నీళ్ళ రంగు మారింది. అమ్మాయి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అవ్వ మాత్రం వాణ్ణి పైకెత్తి, సబ్బు తెమ్మని లోపలికి కేకవేసింది.